నిద్ర లేపితే చచ్చిపోయే కంప్యూటరు

వాకాడు సెంటర్లో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. కావలిలో ఆరు నెలల హార్డ్‌వేరు కోర్సు చేశాను. అందులో నాలుగు నెలలు మా సారు రాలేదు. మిగిలిన రెండు నెలల్లో ఆయన నేర్పిన విద్య ఒకటే: ఏమీ తోచకపోతే ఫార్మాట్ కొట్టెయ్. అంటే కంప్యూటరులో ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి నింపడం. ఆ ఒక్క విద్యతో పదేళ్లుగా నెట్టుకొస్తున్నాను.

సముద్రం దగ్గర ఉండటం మా వృత్తికి పెద్ద అండ. ఏది పాడైనా, ఎందుకు పాడైందో నాకు తెలియకపోయినా, మదర్‌బోర్డు ఒకసారి వాసన చూసి "ఉప్పుగాలి సార్" అంటే చాలు. ఎంత చదువుకున్నవాళ్లయినా తల ఊపుతారు. సముద్రం వచ్చి కాదనదు కదా.

వాకాడు నుంచి ఒడ్డు వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటల మధ్య ఒక లాబ్ ఉంది. రైతులు తమ గుంటలోని నీళ్లూ రొయ్యలూ కవర్లలో తెచ్చి అక్కడ పరీక్ష చేయించుకుంటారు. లాబ్ యజమాని అరవై దాటిన మనిషి. ముందు గదిలో మేత బస్తాలు అమ్ముతాడు, వెనక గదిలో లాబ్ నడుపుతాడు. ఏ గదిలో ఉన్నా గట్టిగానే మాట్లాడతాడు. పరీక్షలు చేసేది ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లు ఉండవు. ఒడ్డున పాలెంలో పుట్టింది, వాళ్ల నాన్న ఇప్పటికీ చేపల వేటకు పోతాడు. ఈమె ఎమ్మెస్సీ చదివి వచ్చి రొయ్యల మొప్పలు కోసి చూస్తూ ఉంటుంది. నాకంటే చిన్నదే అయినా అందరూ మేడం అంటారు కాబట్టి నేనూ అనేవాణ్ని. ఆమె నన్ను అన్నా అనేది.

ఆ లాబ్‌లో మైక్రోస్కోపుకు ఒక కెమెరా తగిలించి ఉంటుంది. లెన్సు కింద ఏముందో అది కంప్యూటరు తెర మీద చూపిస్తుంది. ఆ ఫోటోతో రిపోర్టు తీసిస్తే రైతు నమ్ముతాడు. పాత కంప్యూటరు మూలపడిందని యజమాని కొత్తది కొన్నాడు. దాన్ని బిగించింది నేనే. ప్రింటరు పలికింది. కెమెరా పలకలేదు. దానికి డ్రైవరు కావాలి. డ్రైవరంటే కెమెరా చెప్పేది కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం. కెమెరాతో వచ్చిన సీడీ ఏదని అడిగితే యజమాని బీరువా అంతా వెతికి, ఏదో పెళ్లి వీడియో సీడీ తెచ్చి ఇచ్చాడు.

నా దగ్గర మందు ఉంది. ప్రపంచంలో ఉన్న డ్రైవర్లన్నీ ఒక్కచోట దొరుకుతాయని చెప్పుకునే ఒక ఉచిత మూట నెట్‌లో దొరికితే పెన్‌డ్రైవులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎక్కించాను. అది కెమెరాను ఒకసారి చూసి, దానికి సరిపోయేదేదో తనే ఏరి వేసేసింది. తెర మీద రొయ్య కాలు పెద్ద తాటిదూలంలా కనబడింది. యజమాని మురిసిపోయాడు. నేనూ కాలర్ సర్దుకుని ఇంటికి వచ్చాను.

నాలుగో రోజు ఫోను. "అన్నా, తెరంతా నీలంగా అయిపోయి ఏందో ఇంగ్లీషులో వచ్చింది. మళ్లీ దానంతట అదే ఆన్ అయింది. నేను టైపు చేసిన రిపోర్టు పోయింది."

వెళ్లాను. కూర్చున్నాను. గంట సేపు అన్నీ నొక్కాను. దేవుడి పటంలా నిశ్చలంగా ఉంది. ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. మా వృత్తిలో ఇది ఆశీర్వాదం లాంటిది, పనిచేసినా చేయకపోయినా చూసేవాళ్లకు తృప్తిగా ఉంటుంది. "ఉప్పుగాలి మేడం" అని చెప్పి వచ్చాను. నేను రోడ్డెక్కిన తర్వాత, అదే మధ్యాహ్నం, మళ్లీ నీలం తెర.

అలా నెలన్నర సాగింది. పిలుస్తారు, పోతాను, నా ముందు అది బుద్ధిగా ఉంటుంది. యూపీఎస్ మార్చమన్నాను, మార్చారు. హార్డ్‌డిస్కు మీద అనుమానం చెప్పాను, అదీ మార్చారు. రెండుసార్లు ఫార్మాట్ కొట్టాను. ప్రతిసారీ చివర్లో నా పెన్‌డ్రైవు తీసి అదే మూట ఎక్కించి, కెమెరా పలికిందని చూపించి మరీ వచ్చాను. యజమాని తన వంతుగా సీపీయూ ముందు కర్పూరం వెలిగించాడు. ఆ పొగకు ఫ్యాను ఇంకొంచెం నల్లబడింది.

ఆరోసారి పోయినప్పుడు యజమాని ముందు గదిలోనే నన్ను ఆపాడు. "ఏందబ్బయా ఇది? కొత్త సిస్టం గదా. నీకు చేతగాకపోతే చెప్పు, నెల్లూరు నుంచి ఇంకెవురినన్నా పిలిపిస్తా."

ఆ మాటకు నాకు భయం వేసింది. ఈ చుట్టుపక్కల రొయ్యల వాళ్లందరూ ఆయన దగ్గరికే వస్తారు. నాకు చేతకాలేదని ఆయన ఒక్కసారి గట్టిగా అంటే ఒడ్డు దాకా వినబడుతుంది. నోటికి వచ్చింది అనేశాను.

"సిస్టంలో ఏం లేదు సార్. నేను కూర్చుంటే ఎప్పుడన్నా ఆగిందా, మీరే చెప్పండి. మేడం ఏందో నొక్కతా ఉండారు. పెన్‌డ్రైవులు పెట్టడం, సినిమాలు చూడటం... వైరస్ ఊరకే వస్తుందా?"

లోపలి గదిలో గాజు పలకలు కడుగుతున్న చప్పుడు ఆగింది. ఆమె తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"నేను సినిమాలు చూళ్లేదన్నా."

"మిమ్మల్ని కాదు మేడం, మామూలుగా చెప్తా ఉండా" అని నేను తెర వైపు తిరిగిపోయాను. అంతకంటే పిరికి మాట నా జన్మలో అనలేదు.

ఆ రోజు నుంచి యజమానికి ఒక సిద్ధాంతం దొరికింది. ఆమె బయటికి పోయి వచ్చి మౌసు ముట్టుకోగానే నీలం తెర వస్తోందని ఆయన కూడా గమనించాడు. "నీ చెయ్యి మంచిది కాదమ్మా" అనేవాడు, రైతుల ముందే. తర్వాత తర్వాత, "వేరే మనిషిని చూస్తా ఉండా" అనడం మొదలుపెట్టాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నాను. ఆమె ఉద్యోగం పోతే పాపం అనుకున్నాను. నా పేరు పోతే అన్యాయం అనుకున్నాను.

ఎనిమిదోసారి నేను అక్కడ ఉండగానే జరిగింది. పొద్దున పదకొండు గంటలు. నేనూ యజమానీ బయట అరుగు మీద టీ తాగుతూ పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నాం. ఆమె వెనక తొట్ల దగ్గర నీళ్లు తీస్తోంది. ఇంతలో ఒక రైతు మోపెడ్ మీద, రొయ్యల కవరు పొట్టకు ఆనించుకుని వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున మేత చూసే చెక్‌ట్రేలో రెండు చచ్చిపోయినయ్ మేడం. గట్టు పక్కకు వచ్చి తిరగతా ఉండాయి" అన్నాడు.

ఆమె కవరు అందుకుని లోపలికి నడిచింది. మేమూ వెనకాలే వెళ్లాం. రొయ్య తలమీది పెంకు ఒలిచి లెన్సు కింద పెట్టి, మౌసు కదిపింది.

నీలం తెర.

నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాలుక తిరగదు. "చూసినారా సార్, మేడం ముట్టుకుంటేనే!" అన్నాను. ఏదో గెలిచినట్టు అన్నాను.

ఈసారి కంప్యూటరు తిరిగి తెరుచుకోలేదు. ఏదో సరిచేసుకుంటున్నానని తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. షాపుకు తీసుకుపోయి ఫార్మాట్ కొడతానని, రేపు సాయంత్రానికి తెస్తానని చెప్పాను.

"రేపంటే ఎట్టన్నా?" రైతు నా వైపు కాకుండా ఆమె వైపు చూశాడు. "వైట్ స్పాట్ అయితే రేప్పొద్దునకు గుంటలో ఏముంటాయి మేడం?" వైట్ స్పాటంటే రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల తెగులు, రెండు మూడు రోజుల్లో గుంటంతా తుడిచిపెడుతుంది.

ఆమె మైక్రోస్కోపు మీద నుంచి కెమెరా తీసి పక్కన పెట్టి, మామూలు కన్ను పెట్టి చూసే గొట్టం బిగించింది. చాలాసేపు చూసింది. ఇంకో రొయ్య ఒలిచింది, అదీ చూసింది. తర్వాత తెల్లకాగితం తీసుకుని పెన్సిలుతో బొమ్మ వేయడం మొదలుపెట్టింది. ఒక కన్ను లెన్సు మీద, చెయ్యి కాగితం మీద. పెంకు మీద గుండ్రటి మచ్చలు, మచ్చ నడుమ చిన్న చుక్క, ఏ మచ్చ ఎంత ఉందో పక్కనే అంకె. కింద సంతకం పెట్టింది.

"వైట్ స్పాటే పెద్దాయనా. ఈ పొద్దే పట్టుబడి పెట్టుకోండి. రేపటిదాకా చూడొద్దు."

యజమాని మండిపడ్డాడు. "ఫోటో లేకండా రిపోర్టేందమ్మా? రేప్పొద్దున తేడా వస్తే ఆయన ఎవుర్ని అడగాల?"

"నన్నే అడగమనండి సార్. సంతకం నాదే గదా."

రైతు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మోపెడ్ ఎక్కి పోయాడు. పొద్దు గుంకేలోపల వలలు లాగించి గుంటంతా పట్టించేశాడు. మూడో రోజుకు పక్క గుంటల్లో రొయ్యలు తెల్లగా తేలాయి.

రేపని చెప్పిన నేను ఆ మూడో రోజున ఫార్మాట్ కొట్టిన కంప్యూటరుతో మళ్లీ లాబ్‌కు వెళ్లేసరికి ఆ రైతు అక్కడే ఉన్నాడు. ఐసు వేసిన రొయ్యలు పెద్ద కవరు నిండా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. "నా కాడ ఇంకేం ఉందమ్మా ఇయ్యడానికి" అన్నాడు. ఆమె వద్దంటూనే తీసుకుంది. నేను కేబుళ్లు బిగించి లేచేసరికి అందులో సగం వేరే కవరులో కట్టి నా చేతికి ఇచ్చింది.

"వదినకు ఇవ్వండన్నా. ఇది కూడా తీసుకెళ్లండి." ఒక రూళ్ల నోటు బుక్కు. "తీరిగ్గా చదవండి."

రొయ్యల్ని మా ఆవిడకు ఇచ్చి, బుక్కును టీవీ మీద పడేశాను. చింతపులుసు పోసి, నూనె తేలేదాకా మరిగించి ఆవిడ చేసిన కూర రెండుసార్లు కలుపుకుని తిన్నాను. తిన్నాక పనేమీ లేక బుక్కు తెరిచాను.

లాబ్‌లో నీటి పరీక్షలు రాసినట్టే రాసింది. తేదీ, టైము, అప్పుడు తాను ఏం చేస్తోంది, ఏ వైరు ఎక్కడ ఉంది, బయట ఎండా వానా. అన్నీ గుండ్రటి అక్షరాలు. మధ్యలో నేనూ ఉన్నాను. "అన్న వచ్చారు. రబ్బరుతో రుద్దారు. 2.40కి మళ్లీ ఆగింది." ఇంకోచోట: "ఉప్పుగాలి అన్నారు. ఈరోజు అసలు గాలి లేదు." ఇంకోచోట: "అన్న గంటన్నర కూర్చున్నారు. ఆగలేదు. అన్న మౌసు వదల్లేదు."

చివరి పేజీలో నాలుగు వాక్యాలు. "ఆగిన ప్రతిసారీ నేను అరగంట పైన బయట ఉండి వచ్చాను. ఆగిన ప్రతిసారీ కెమెరా వైరు తగిలించి ఉంది. వైరు పీకి పెట్టి పోయిన అయిదుసార్లూ ఏమీ కాలేదు. కంప్యూటరు నిద్రపోయి లేచేటప్పుడు కెమెరాతో పేచీ వస్తోందేమో అన్నను అడగాలి."

ఆ నాలుగు వాక్యాలూ ఇంకోసారి చదివాను. ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు కాసేపటికి నిద్రలోకి జారుకుంటుంది. మౌసు కదిపితే లేస్తుంది. లేచాక అన్ని పరికరాలనూ ఒకసారి పలకరిస్తుంది. నేను వేసిన డ్రైవరు ఆ పలకరింపుకు జవాబు చెప్పలేక మొత్తం సిస్టంనే కూలదోస్తోంది. నేను కూర్చున్నప్పుడు అది ఎప్పుడూ నిద్రపోలేదు కాబట్టి ఎప్పుడూ చావలేదు.

భుజం మీదుగా తొంగిచూసిన మా ఆవిడ అడిగింది. "ఎవురు రాసినారు? ఎంత బాగా రాసిందో. ఈ రబ్బరుతో రుద్దే అన్న ఎవురు?"

"ఎవురో ఉండాడులే" అన్నాను.

మర్నాడు లాబ్ తలుపులు తీసేసరికే అక్కడ ఉన్నాను. కంప్యూటరు కూలినప్పుడల్లా తన చావుకు కారణం ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది. పదేళ్ల అనుభవంలో నేను ఆ ఫైలు తెరిచింది అదే మొదటిసారి. హార్డ్‌డిస్కు తుడిచినా, నేను బిగించి వచ్చాక కిందటి సాయంత్రం మళ్లీ ఒకసారి కూలింది కాబట్టి సాక్ష్యం ఉంది. అందులో స్పష్టంగా కెమెరా డ్రైవరు పేరే ఉంది. నా మూటలోదే. ఏ వేరే కంపెనీ కెమెరాకో, ఏ పాత కాలం సిస్టానికో రాసిన డ్రైవరు.

"తప్పు నాది మేడం" అన్నాను. "మీ మీదికి తోశాను. క్షమించండి."

ఆమె గాజు పలక తుడుస్తూనే ఉంది. "నాకెందుకు చెప్తారన్నా, నాకు తెలుసు గదా. సార్‌తో చెప్పండి."

ముందు గదిలో యజమానితో పాటు నలుగురు రైతులు, ఆయన కారు తోలే మనిషి కూడా ఉన్నారు. అందరి ముందూ చెప్పాను. "సార్, మేడం తప్పేం లేదు. డ్రైవరు తప్పు."

యజమాని కారు తోలే మనిషి వైపు చూశాడు. అతను బస్తా మీద నుంచి లేచి నిలబడ్డాడు. "నేను లోపలికే పోలేదు సార్, ఒట్టు!"

అందరికీ మొదటినుంచి విడమరిచి చెప్పేసరికి నా ప్రాణం పోయింది. చెప్పడం అయ్యేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"సార్, నా చెయ్యి గురించి ఒక మాట అంటా ఉన్నారు."

"అంటే ఇప్పుడేందమ్మా?"

"అనలేదని చెప్పండి, చాలు."

యజమాని బస్తాల లెక్క చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. "అనలేదు లే" అన్నాడు. రైతులు ముసిముసిగా నవ్వారు.

ఇక అసలు డ్రైవరు వెతకాలి. కెమెరా మోడల్ నంబరు కావాలి. కెమెరా అడుగున చీటీ ఉంది కానీ తడి చేతులతో పట్టుకుని పట్టుకుని అక్షరాలు చెరిగిపోయాయి. నేను కళ్లు చికిలించి చూసి, అది ఎనిమిదో మూడో తేల్చలేక పోయాను. ఆమె నా చేతిలోంచి కెమెరా లాక్కుని, రొయ్యను పెట్టినట్టు దాన్నే లెన్సు కింద పడుకోబెట్టి గొట్టంలోంచి చూసింది. "ఎనిమిది కాదు, బి. తర్వాత సున్నా, అయిదు." ఆ నంబరు తయారీవాళ్ల సైటులో కొడితే కొత్త సిస్టానికి తగిన డ్రైవరు మూడేళ్లుగా అక్కడే పడి ఉంది. నా మూటలోదాన్ని పూర్తిగా పీకేసి ఇది వేశాను. ఆమె కెమెరాను మళ్లీ మైక్రోస్కోపుకు బిగించి, కింద ఒక రొయ్య మొప్ప పెట్టింది.

"అయిపోయిందా?" అన్నాడు యజమాని.

"ఇది నిద్రపోయి లేవాల సార్. అప్పుడు తెలస్తది."

తొందరగా నిద్రపోయేలా అయిదు నిమిషాలకు పెట్టాను. ఎవరూ ముట్టుకోకూడదు. అందరూ లోపలికి వచ్చి కంప్యూటరు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే గుసగుసలు మాత్రమే మిగిలాయి. పసిబిడ్డను పడుకోబెట్టిన గదిలా అయింది.

"నిద్రపోయిందా?" యజమాని జీవితంలో మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు.

"ఇంకా లేదు సార్."

ఒక రైతు దగ్గు ఆపుకోలేక బయటికి పరుగెత్తాడు. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. అరగంట అలాగే ఉంచమంది ఆమె, ఎందుకంటే తన బుక్కులో అలాగే ఉంది. ఉంచాం. తర్వాత ఆమె వచ్చి మౌసు మీద చెయ్యి పెట్టి కదిపింది.

రొయ్య మొప్ప, ఈకలా విచ్చుకుని, తెర నిండా.

మూడుసార్లు నిద్రపుచ్చి లేపాం. మూడుసార్లూ నవ్వుతూ లేచింది. "నేను మొదటినుంచీ అంటానే ఉండా, ఆ పాప చెయ్యి మంచిదని" అన్నాడు యజమాని, మళ్లీ తన మామూలు గొంతుతో.

నేను బండి తీస్తుంటే ఆమె బయటికి వచ్చింది. "అన్నా, ఆ మూట ఇంకా ఎక్కడెక్కడ వేశారు?"

జవాబు ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆరు నెలలుగా ఎక్కడ పిలిస్తే అక్కడ వేశాను. తర్వాతి వారమంతా బండి మీద ఆ పనే. ఒక జిరాక్సు షాపులో సిస్టం ఆగిపోయినప్పుడల్లా చిన్న కోడలిని తిడుతున్నారు. డ్రైవరు మార్చి, ఆమె వినేలా గట్టిగా నిజం చెప్పి వచ్చాను. అత్తగారు నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇంకోచోట మూడు స్టెబిలైజర్లు మార్చారు. ఒక ట్యూషన్ సెంటరు వాళ్లు ఆ కంప్యూటరును అమ్మేసి కొత్తది కొన్నారు. దానికి నన్నే పిలిచారు, దానిలో కూడా అదే మూట వేసి వచ్చాను.

చివరగా వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఉన్న ఫోటో స్టూడియోకు వెళ్లాను. ముందు వెళ్లినప్పుడు కంప్యూటరు ఉన్న గదికీ ఇప్పటి గదికీ పోలిక లేదు. నడిమి గోడ లేదు. ద్వారం తూర్పుకు తిరిగింది. స్టూడియో ఆయన సిమెంటు దుమ్ములో కూర్చుని ఆల్బం దిద్దుకుంటున్నాడు.

"వాస్తు తేడా అన్నారన్నా. సిస్టం ఊరికే ఆగిపోతా ఉన్నింది గదా. గోడ తీయించేసినా."

"తీసినాక ఆగలేదా?"

"పనివాళ్లు రెండు వారాలు కెమెరా వైర్లన్నీ పీకి మూటగట్టి పెట్టినారు. అప్పటి నుంచీ ఆగలేదు."

వైరు మళ్లీ తగిలించి, నిద్రపుచ్చి, లేపి చూపించాను. నీలం తెర వచ్చింది. ఆయన తెరనూ గోడ ఉన్న చోటునూ మార్చి మార్చి చూశాడు. డ్రైవరు మార్చి మళ్లీ నిద్రపుచ్చి లేపాను. రాలేదు. నా తప్పు నేను చెప్పుకున్నాను. గోడ కట్టించే ఖర్చులో నా వంతు పెట్టుకుంటానని కూడా అన్నాను. ఆయన కోప్పడతాడని చూస్తుంటే, లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"గోడ సంగతి వదిలెయ్ అన్నా. ఈ డ్రైవరు సంగతి మాత్రం ఎవురికీ చెప్పొద్దు. గోడ తీస్తే బాగైందని అందురికీ చెప్పేసినా. మా బామ్మర్ది కూడా నా మాట మీద నిన్ననే వాళ్ల షాపు గోడ పడగొట్టించినాడు."